గడిలో కుదిరిన కోడ్

అనకాపల్లి జిల్లాలోని ఎలమంచిలి పేరును ఇంగ్లిషులో రాయమంటే జనం కనీసం మూడు రకాలుగా రాస్తారు. కొందరు ‘ఈ’తో మొదలుపెడతారు, కొందరు ‘వై’తో. ‘వై’తో మొదలుపెట్టినవాళ్లలో మళ్లీ ఒక ‘ఎల్’ వేసేవాళ్లు, రెండు వేసేవాళ్లు. బోర్డు మీద ఏది రాసినా బస్సు ఆగేది ఒకచోటే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంటింటి సర్వే చేసి ఆ జవాబులను ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించినప్పుడు మాత్రం ఒక్క ఎలమంచిలి మూడు ఊళ్లవుతుంది. మూడింటికీ వేరువేరు మొత్తాలు, వేరువేరు శాతాలు. పక్కనున్న ఏటికొప్పాకదీ ఇదే గతి.

ఈ తంటా ఇప్పుడు పరిశోధకులకే పరిమితం కాదు. మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఉన్నత విద్యామండలి మార్గదర్శకాల్లో దానికి కేటాయించింది 180 గంటలు. ఊళ్లోనో వార్డులోనో ఇల్లిల్లూ తిరిగి మంచినీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, ఎందరు చదువుతున్నారు, పొలం ఎంత, అప్పు ఎంత అని అడిగి రాసుకు రావాలి. అడగడం దాకా పిల్లలు బాగానే చేస్తారు. ఎండలో తిరుగుతారు, అరుగుల మీద కూర్చుంటారు, విసుక్కున్న గృహిణిని కూడా మాటల్లో పెట్టి జవాబు రాబడతారు. చిక్కంతా ఆ తరవాతే. చేతిలో ఉన్న ఎక్సెల్‌తో నాలుగు పై చార్టులు గీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, సంతకం పెట్టించుకుంటే పని అయిపోయింది. అంత కష్టపడి తెచ్చిన జవాబులు అడిగిన ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

ఆ జవాబుల పక్కనే, అదే షీట్‌లో, ప్రోగ్రామ్ కోడ్ రాసుకునే ఏర్పాటు ఒకటి వచ్చింది: ఎక్సెల్‌లో పైథాన్. 2023 ఆగస్టు 22న మైక్రోసాఫ్ట్ దీన్ని ప్రకటించింది. డేటా పనికి కావలసిన పైథాన్ లైబ్రరీలను కట్టగట్టి ఇచ్చే అనకొండ సంస్థ ఇందులో భాగస్వామి. పైథాన్ భాషను సృష్టించిన గీడో వాన్ రాసమ్ అప్పటికి మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేస్తున్నాడు, దీని నిర్మాణంలో ఆయన చేయీ ఉంది. 2024 సెప్టెంబరులో విండోస్ మీద వ్యాపార చందాదారులందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి కొత్త సదుపాయాలు ఏటా పది వస్తాయి, పది పోతాయి. దీని గురించి ప్రత్యేకంగా రాయాలనిపించడానికి కారణం ఇందులో కనిపించే పనితనం. ఒకదానితో ఒకటి పొసగని రెండు వస్తువులను అతుకు బయటపడకుండా, ఎక్కడ అతకాలో అక్కడే అతికారు.

మొదట గడి సంగతి. ఖాళీ సెల్‌లో ఈక్వల్ గుర్తు పెట్టి ‘పీవై’ అని కొట్టి ట్యాబ్ నొక్కితే ఆ సెల్ పైథాన్ సెల్ అయిపోతుంది. పైన ఫార్ములా బార్‌లో పచ్చటి పీవై గుర్తు వస్తుంది. అక్కడి నుంచి మీరు రాసేది మామూలు ఫార్ములా కాదు, ప్రోగ్రామ్. ఎంటర్ కొడితే సెల్ ముగిసిపోదు, కింది వరుసకు వెళ్తుంది, కోడ్ రాసేవాడికి కావలసింది అదే. ముగించడానికి కంట్రోల్‌తో కలిపి ఎంటర్. పాండాస్, నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సీబార్న్, స్టాట్స్‌మోడల్స్ లైబ్రరీలు ముందే తెరిచి ఉంటాయి, వాటిని పిలవడానికి పై వరుసల్లో తంతు అక్కర్లేదు. కంప్యూటర్‌లో పైథాన్ వేసుకోనే అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో సగం మంది వెనక్కి తిరిగేది ఆ ఇన్‌స్టాలేషన్ గడప దగ్గరే అని నేర్పినవాళ్లకు తెలుసు. ఆ గడపను తీసేశారు.

ఇదివరకు ఏం చేసేవాళ్లం? షీట్‌ను వేరే ఫైలుగా దాచి, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి, లెక్క కట్టి, బొమ్మ గీయించి, ఆ బొమ్మను తెచ్చి రిపోర్టులో అతికించేవాళ్లం. తరవాత షీట్‌లో ఒక తప్పు దిద్దితే బొమ్మకు ఆ సంగతి తెలియదు. పాత బొమ్మ, కొత్త అంకెలు పక్కపక్కనే కూర్చునేవి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మకు రంగు వేసే తీరు చూసినవాళ్లకు ఇక్కడి తేడా చప్పున అందుతుంది. కర్రను లేత్ మీద నుంచి దించి కుంచెతో రంగు వేయరు. అది తిరుగుతుండగానే లక్కను ఆనిస్తారు, రాపిడి వేడికి రంగు కర్రకే పడుతుంది. ఇక్కడా డేటాను షీట్ మీద నుంచి దించనక్కర్లేదు.

ఇక షీట్‌కూ కోడ్‌కూ మధ్య ఉన్న తలుపు. అది ఒక్కటే: ఎక్స్‌ఎల్ అనే చిన్న ఫంక్షన్. కోడ్ రాస్తూ మౌస్‌తో షీట్‌లోని జవాబులను ఎంచుకుంటే ఆ ఫంక్షన్ తనే వచ్చి కూర్చుంటుంది. మొదటి వరుస శీర్షికలని కూడా గుర్తుపడుతుంది. ఎంచుకున్న జవాబులను ముందే ఎక్సెల్ టేబుల్‌గా మార్చి పేరు పెట్టి ఉంటే సెల్ నంబర్లకు బదులు ఆ పేరే వస్తుంది. రేపు మరో ఇరవై ఇళ్లు చేర్చినా పేరు మారదు, కొత్త వరుసలు వాటంతటవే లెక్కలోకి వస్తాయి.

ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది, కానీ ఇది లేక ఎంత పెద్దవాళ్లు జారారో చూడండి. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరుమోసిన ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పుకూ అభివృద్ధికీ ఉన్న లంకె మీద ఒక పత్రం రాశారు. దేశదేశాల్లో పొదుపు విధానాలకు దాన్ని వత్తాసుగా చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల షీట్ తెప్పించుకుని చూస్తే సగటు ఫార్ములా 30వ వరుసలో మొదలై 44వ వరుసతో ఆగిపోయి ఉంది. వెళ్లాల్సింది 49 దాకా. జాబితాలో చివరి ఐదు వరుసల్లో ఉన్న ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. ఆ పత్రంలో ఇంతకన్నా పెద్ద లోపాలూ బయటపడ్డాయి, ఈ ఒక్కదాని వల్లే ఫలితం తలకిందులు కాలేదు. అయినా లోకానికి గుర్తుండిపోయింది ఇదే, ఎందుకంటే ఎక్సెల్ వాడిన ప్రతివాడికీ ఆ జారుడు తెలుసు. టేబుల్ పేరుతో పిలిచే అలవాటు చేసుకుంటే ఆ జారుడుకు చోటుండదు.

ఆ తలుపుకు రెండో గుణం ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చింది. లోపలికి తీసుకోవడమే గానీ కోడ్ బయటికి వచ్చి ఇంకో సెల్‌ను ముట్టుకోలేదు. జవాబు దాని సెల్‌లోనో, అక్కడి నుంచి పక్కకూ కిందికీ పరుచుకునో కనిపిస్తుంది, అంతే. 1993 నుంచి ఎక్సెల్‌లో ఉన్న వీబీఏ మాక్రోలకు ఈ కట్టుబాటు లేదు. మాక్రో షీట్‌లో ఏదైనా మార్చగలదు, వరుసలు చెరపగలదు, ఫైళ్లు తెరవగలదు. వైరస్‌లకు అదే రాజమార్గం కావడంతో ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్టే 2022లో అడ్డుకోవాల్సి వచ్చింది. పైథాన్ సెల్ నడిచేది మీ కంప్యూటర్‌లో కూడా కాదు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో, నాలుగు వైపులా మూసిన గదిలాంటి కంటైనర్‌లో. అక్కడి నుంచి దానికి ఇంటర్నెట్ లేదు, మీ ఫైళ్లు కనిపించవు. సర్వే చేసినవాడికి దీని అర్థం ఒక్కటే: ఇంటి గడప దగ్గర రాసుకొచ్చిన అసలు జవాబు ఎవరు ఎంత కోడ్ రాసినా చెక్కుచెదరదు. ఎలమంచిలి మూడు స్పెల్లింగులనూ ఒక పేరు కిందికి తెచ్చే వరుస కోడ్‌లో ఉంటుంది. మొదటి షీట్‌లో మాత్రం పిల్లలు ఎలా రాశారో అలాగే ఉంటుంది. ఏ పేరును ఏ పేరులో కలిపారో చూడాలనుకున్న మేష్టారు సెల్ మీద నొక్కితే చాలు. ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ కొట్టినవాడి దగ్గర ఆ ఆధారం మిగలదు.

అతుకు నిజంగా కష్టమైన చోటు వేరే ఉంది. ఎక్సెల్‌కు ముందూ వెనకా లేదు. ఏ ఫార్ములా ఏ సెల్ మీద ఆధారపడిందో చూసుకుని ఆ లెక్కన నడుస్తుంది. కింద ఉన్నది పైదానికన్నా ముందు లెక్కించవచ్చు. పైథాన్ అలా కాదు. మొదటి వరుసలో పేరు పెట్టిన వస్తువును మూడో వరుస వాడుకుంటుంది, వరుస తప్పితే లెక్క తప్పుతుంది. ఈ రెంటినీ ఎలా కలపాలి? వాళ్లు ఎంచుకున్న దారి ఎంత సాదాదో చూడండి. పైథాన్ సెల్స్ మనం పుస్తకం చదివినట్టు నడుస్తాయి: ఎడమ నుంచి కుడికి, ఒక వరుస అయ్యాక కింది వరుస, ఒక షీట్ అయ్యాక తరవాతి షీట్. శుభ్రం చేసిన డేటాకు పై సెల్‌లో పేరు పెడితే కింది సెల్స్ అన్నీ దాన్ని పేరుతో పిలవవచ్చు. తమాషా ఏమిటంటే 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ పర్సనల్ కంప్యూటర్లకు తెచ్చిన మొట్టమొదటి స్ప్రెడ్‌షీట్ విజికాల్క్ కూడా వరుసలవారీగానో నిలువులవారీగానో లెక్కించేది. తరవాత వచ్చిన లోటస్ లాంటి స్ప్రెడ్‌షీట్లు దాన్ని వెనకబాటుగా భావించి ఆధారాల క్రమానికి మారాయి. వదిలేసిన పాత పద్ధతి నలభై ఏళ్ల తరవాత కొత్త పనికి అక్కరకొచ్చింది. దీనివల్ల షీట్ రాసే తీరే మారుతుంది. పైన డేటా, దాని కింద శుద్ధి, ఆ కింద లెక్క, చివర బొమ్మ. చదివేవాడు కూడా అదే దారిన దిగుతాడు.

వేలాది వరుసలున్న పట్టిక మొత్తం ఒక్క సెల్‌లో కూర్చోగలగడం ఇంకో విశేషం. సెల్‌లో ‘డేటాఫ్రేమ్’ అన్న మాట మాత్రం కనిపిస్తుంది, పక్కనున్న గుర్తు నొక్కితే చిన్న కార్డులో పట్టిక తలా తోకా కనిపిస్తాయి. కావాలంటే షీట్ మీద పరుచుకోమనవచ్చు, వద్దంటే ముడుచుకునే ఉంటుంది.

ఇప్పుడు సర్వే జవాబుల దగ్గరికి వద్దాం. ‘మీ వీధిలో నీటి సరఫరా ఎలా ఉంది’ అన్న ప్రశ్నకు ‘బాగుంది’, ‘పర్వాలేదు’, ‘బాగాలేదు’ అని మూడు జవాబులు అనుకోండి. కంప్యూటర్ వీటిని అక్షర క్రమంలో పెడితే ‘పర్వాలేదు’ మొదట, ‘బాగాలేదు’ తరవాత, ‘బాగుంది’ చివర వస్తాయి. నడిమి జవాబు తలకెక్కి కూర్చున్న ఆ చార్ట్‌ను చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. పాండాస్‌లో ఈ మూడింటి క్రమం ఇదీ అని ఒక్క వరుసలో చెప్పవచ్చు. ఆపైన లెక్కించినా, బొమ్మ గీసినా, ఊరివారీగా విడగొట్టినా ఆ క్రమం చెదరదు.

‘నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు’ లాంటి ప్రశ్నకు ఒకటికన్నా ఎక్కువ జవాబులుంటాయి. గూగుల్ ఫామ్‌లో టిక్కులు పెట్టిన జవాబులన్నీ ఒకే సెల్‌లో కామాలతో వచ్చిపడతాయి: కుళాయి, బోరు, వాటర్ క్యాన్. మామూలు ఎక్సెల్ దీన్ని ఒకే జవాబుగా చూస్తుంది. అందుకే పిల్లల రిపోర్టుల్లో ‘కుళాయి, బోరు’ ఒక ముక్కగా, ‘బోరు, కుళాయి’ ఇంకో ముక్కగా ఉన్న పై చార్టులు కనిపిస్తాయి. పాండాస్‌లో కామా దగ్గర విడగొట్టి, ‘ఎక్స్‌ప్లోడ్’ అంటే ఒక్కో జవాబూ ఒక్కో వరుస అవుతుంది. ఆ తరవాత లెక్కపెట్టడమే. ఇక్కడ ఒక మెలకువ కావాలి. పది ఇళ్లవాళ్లు తలా రెండు జవాబులు చెబితే వరుసలు ఇరవై అవుతాయి, శాతం కట్టాల్సింది మాత్రం పదితోనే. కోడ్‌లో భాగించే అంకె కళ్ల ముందు రాసి ఉంటుంది కాబట్టి ఎవరైనా పట్టుకోగలరు. పై చార్ట్‌లో ఆ అంకె కనిపించదు. ప్రశ్నావళి తయారుచేసేటప్పుడే జవాబుల లోపల కామాలు లేకుండా చూసుకుంటే ఈ విడగొట్టడం నల్లేరు మీద నడక.

తెలియదు అన్న జవాబుకు 99 వేసే అలవాటు సర్వేల్లో ఉంది. పది ఇళ్లలో తొమ్మిదింటికి ఇద్దరేసి పిల్లలు, పదో ఇంటికి 99 ఉంటే సగటు 11.7 వస్తుంది. ఇంత పెద్ద అబద్ధం వెంటనే దొరికిపోతుంది. మూడొందల ఇళ్లలో ఒక్క 99 దాక్కుంటే దొరకదు. దాన్ని ఖాళీగా భావించమని చెప్పే వరుస శుద్ధి సెల్‌లో మొట్టమొదట ఉండాలి.

పొలం లెక్కలో ఇంకో గొడవ. ‘2.5’ అని రాస్తే రెండెకరాల యాభై సెంట్లా, రెండెకరాల అయిదు సెంట్లా? మన వైపు రెండు అర్థాల్లోనూ రాస్తారు. తేడా 45 సెంట్లు, అరెకరానికి కాస్త తక్కువ. ఏ కోడూ దీన్ని తేల్చలేదు. ఎకరాలకు ఒక గడి, సెంట్లకు ఒక గడి పెట్టి అడగాల్సిందే. అలాగే భూమి సర్వే నంబరు 12/3 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని మార్చి నెల 12వ తేదీగా చేసేస్తుంది. 2025లో కొట్టి ఉంటే లోపల నిలిచేది 45728 అన్న అంకె. పైథాన్ చేతికి అందేటప్పటికే సర్వే నంబరు పోయింది. జన్యువుల పేర్లు ఇలాగే తేదీలైపోతుంటే వేగలేక 2020లో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఎక్సెల్‌లో అలాంటి పేర్ల మార్పిడిని ఆపుకునే సెట్టింగ్ 2023లో గానీ రాలేదు. అంత ముచ్చటగా కోడ్‌ను గడిలో కుదిర్చినవాళ్లు ఈ చిన్న పనిని ఇన్నాళ్లు పట్టించుకోకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. మనం చేయగలిగింది, జవాబులు ఎక్కించకముందే సర్వే నంబర్ల నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టుకోవడం.

మన ఊరి సర్వే నుంచి పెద్ద సర్వేలకు వెళ్తే కోడ్ అసలు విలువ తెలుస్తుంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతటా 6,36,699 ఇళ్లకు, 7,24,115 మంది స్త్రీల దగ్గరికి వెళ్లింది. ఎక్సెల్ షీట్‌లో పట్టే వరుసలు 10,48,576. స్త్రీల ఫైలు వరుసల లెక్కన పడుతుంది, ఇంటి సభ్యుల ఫైలు పట్టదు. అయితే వరుసల కన్నా పెద్ద ప్రశ్న బరువులది. ఇలాంటి సర్వేల్లో జిల్లా చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఒకే స్థాయిలో ఇళ్లు ఎంచుతారు. 2011 జనగణనలో విజయనగరం జిల్లా జనాభా 23 లక్షల పైచిలుకు, తూర్పు గోదావరిది 51 లక్షల పైచిలుకు. రెండు చోట్లా సమానంగా ఇళ్లు తీసుకుని రాష్ట్ర సగటు కడితే విజయనగరం మాటకు రెట్టింపు పైన బరువొస్తుంది. అందుకే ప్రతి వరుసకూ ఒక బరువు అంకె ఇస్తారు. దాన్ని పది లక్షలతో భాగించి వాడుకోవాలి. సగటుకైతే భాగించకపోయినా ఫలితం మారదు, మొత్తాలు కట్టేటప్పుడు మాత్రం కొంప ముంచుతుంది. ఇలాంటి సంగతి ఫార్ములాలో ఎక్కడో మూలన దాగుంటే ఎవరికీ కనబడదు. కోడ్‌లో అదొక వరుస, పక్కన ఒక వ్యాఖ్య రాసుకోవచ్చు.

ఎలమంచిలివాళ్లకు ఆ సర్వేలో మరో మెలిక ఉంది. అప్పటికి మనది విశాఖపట్నం జిల్లా. ఇప్పుడు మనమున్న అనకాపల్లి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న మహానగరం, చెరకు పొలాల మైదానం, పాడేరు వైపు 11 ఏజెన్సీ మండలాలు, ఈ మూడూ కలిసిన ఒకే సగటు ఆ జిల్లా అంకె. దాన్ని మన ఊరి అంకెగా చదవడం కుదరదు. పట్టణమా పల్లెటూరా, ఏ సామాజిక వర్గం, ఇంటి ఆస్తి ఏ మెట్టు అని ‘గ్రూప్‌బై’తో విడదీసి, ప్రతి ముక్కకూ బరువుతో సగటు కట్టి, ముక్కలో ఎన్ని ఇళ్లు ఉన్నాయో పక్కనే చూపించాలి. పివట్ టేబుల్ ఇందులో చాలా దూరం తీసుకెళ్తుంది, దాన్ని తక్కువ చేయను. బరువుల సగటు, దానికి ఎంత అటూఇటూ ఉండవచ్చో చెప్పే హద్దులు కావాలన్నప్పుడు దాని చేతులు కట్టేసినట్టవుతాయి. అక్కడ నాలుగు వరుసల కోడ్ ముందుకు వెళ్తుంది.

సర్వే అంకెలతో విశాఖకు ఉన్న చుట్టరికం పాతది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ ఏడాదే సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, మనుషుల శరీర కొలతల సర్వే జరిగింది. గణాంకవేత్త మహలనోబిస్, మానవశాస్త్రవేత్త మజుందార్‌లతో కలిసి ఆయన చేసిన విశ్లేషణ 1949లో ‘సంఖ్య’ పత్రికలో వచ్చింది. ఒక గుంపు మరో గుంపుకు ఎంత దగ్గరో, ఎంత దూరమో ఎన్నో కొలతలను కలిపి తేల్చే లెక్క అది. చేత్తో తిప్పే లెక్కల యంత్రాల మీద నెలల తరబడి సాగిన కాలం. ఇవాళ ‘మహలనోబిస్ దూరం’ అనే ఆ లెక్కను కట్టే ఫంక్షన్ సైపై లైబ్రరీలో సిద్ధంగా ఉంది, ఎక్సెల్ సెల్‌లోకి ఒక్క వరుసతో పిలుచుకోవచ్చు. సి.ఆర్. రావు గారు నూట రెండేళ్ల వయసులో అమెరికాలో కన్నుమూసింది 2023 ఆగస్టు 22న, ఎక్సెల్‌లో పైథాన్‌ను ప్రకటించిన రోజే. దీనికి అర్థమేమీ లేదు, కాకతాళీయం. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

బొమ్మల విషయంలో నా మెచ్చుకోలు సగమే. సీబార్న్‌తో గీసిన పటం సెల్‌లోనే చిన్నదిగా కూర్చుంటుంది, కావాలంటే సెల్స్ మీదికి తీసి పెద్దది చేసుకోవచ్చు. ఊరికొకటి చొప్పున ఒకే కొలబద్దతో చిన్న చిన్న పటాలు పక్కపక్కన గీయడం ఎక్సెల్ సొంత చార్టులతో నరకం, ఇక్కడ ఒక్క ఆజ్ఞ. పై చార్ట్ దాచిపెట్టే తేడాలు ఆ చిన్న పటాల్లో వెంటనే కంటబడతాయి. తెలుగుతోనే వచ్చింది చిక్కు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావు సాన్స్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. ‘బాగుంది’ ఉండాల్సిన చోట డబ్బాలు వస్తాయి. తెలుగు ఫాంట్ ఇచ్చినా ఏళ్ల తరబడి వచ్చిన వెర్షన్లు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప వత్తులూ గుణింతాలూ కలపలేదు. అందుకని తెలుగు రిపోర్టుకు నేను చెప్పే దారి ఇది: లెక్క పైథాన్ సెల్‌లో చేయించి, ఫలితాన్ని షీట్ మీద పరుచుకోమని, ఆ అంకెలకు ఎక్సెల్ సొంత చార్ట్ తగిలించాలి. ఆ చార్ట్ తెలుగును చక్కగా చూపిస్తుంది, లెక్క మారితే తనూ మారుతుంది.

ఖర్చు మాట చెప్పకుండా మెచ్చుకుంటే ప్రకటన అవుతుంది. దీనికి మైక్రోసాఫ్ట్ 365 చందా కావాలి, ఇంటర్నెట్ ఉండాలి. లైన్ పోతే సెల్‌లో కనెక్ట్ అన్న ఎర్రర్ వస్తుంది, లెక్క జరుగుతున్నంతసేపూ బిజీ అని కనిపిస్తుంది. చందా లేనివాళ్లు ఫైలు తెరిచి ఫలితాలు చూడగలరు, మళ్లీ లెక్కించలేరు. జనం ఇళ్లలో చెప్పుకున్న అప్పులూ జబ్బులూ వేరే చోటి కంప్యూటర్‌కు వెళ్లి రావాలి కాబట్టి పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న నిలువు వరుసలను ఆ టేబుల్‌లో పెట్టకుండా వేరే ఫైలులో ఉంచడం మర్యాద. కాలేజీలో చందా లేకపోతే ఇదే కోడ్ గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా నడుస్తుంది. లైబ్రరీలను పిలిచే వరుసలు పైన రాసుకుని, షీట్‌ను పిలిచే ఎక్స్‌ఎల్ వరుస తీసి, ఎక్సెల్ ఫైలు చదివే పాండాస్ వరుస పెట్టాలి. మిగతా కోడ్‌లో అక్షరం మార్చనక్కర్లేదు.